37 ఏళ్ళ తర్వాత అదే ఆర్కెస్ట్రా ముందు: చెలిబిదాకె, బెర్లిన్ ఫిల్హార్మోనిక్ | కచేరీ రివ్యూ

అందరికీ నమస్తే. ఈరోజు ఒక కచేరీ వీడియో గురించి మాట్లాడుకుందాం. 1992 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెర్లిన్‌లో జరిగిన కచేరీ ఇది. ఆర్కెస్ట్రా బెర్లిన్ ఫిల్హార్మోనిక్, రచన ఆస్ట్రియా స్వరకర్త బ్రూక్నర్ ఏడో సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా కోసం నాలుగు భాగాలుగా రాసిన పెద్ద రచన. కండక్టర్, అంటే ముందు నిలబడి చేతి సైగలతో ఆర్కెస్ట్రాని నడిపేది, సెర్జియు చెలిబిదాకె, రొమేనియాలో పుట్టిన మనిషి, అప్పటికి 79 ఏళ్ళు. ఈ ఆర్కెస్ట్రాతో ఆయన అంతకు ముందు చివరిసారి పనిచేసింది 1954లో. మధ్యలో 37 ఏళ్ళు ఒక్క కచేరీ కూడా లేదు.

ఆ 37 ఏళ్ళ సంగతి తెలియకుండా ఈ వీడియో చూస్తే, కుర్చీలో కూర్చున్న ఒక ముసలాయన చాలా నెమ్మదిగా చేతులు ఊపుతున్నట్టే ఉంటుంది. అందుకని ముందు కథ చెప్తాను.

1945 మే. బెర్లిన్ అంతా శిథిలాలే. ఫిల్హార్మోనిక్ సొంత హాలు 1944 జనవరిలోనే బాంబులకు కూలిపోయింది. అయినా యుద్ధం ముగిసి మూడు వారాలు కాకముందే, మే 26న, టిటానియా పలాస్ట్ అనే సినిమా హాల్లో ఈ ఆర్కెస్ట్రా మళ్ళీ వాయించింది. కచేరీ మొదలుపెట్టింది మెండెల్సన్ సంగీతంతో. యూదుడని నాజీలు పన్నెండేళ్ళు నోరెత్తనివ్వని స్వరకర్త ఆయన. ఆ రోజు కండక్టర్ లియో బోర్హార్డ్. ఆర్కెస్ట్రాకి పాత పెద్దదిక్కు, కండక్టర్ విల్హెల్మ్ ఫుర్ట్‌వెంగ్లర్. ఆయన నాజీ కాలంలో దాదాపు చివరిదాకా జర్మనీలోనే ఉండి కచేరీలు చేశాడు కాబట్టి, విచారణ తేలేదాకా వేదిక ఎక్కడానికి వీల్లేదన్నారు.

మూడు నెలలు తిరగకుండానే ఘోరం జరిగింది. ఆగస్టు 23 రాత్రి బోర్హార్డ్ ఒక బ్రిటిష్ అధికారి కారులో ఇంటికి వెళ్తున్నాడు. చెక్‌పోస్టు దగ్గర ఆపమన్న సైగ కారు నడిపేవాళ్ళకి అర్థం కాలేదు. అమెరికన్ కాపలా సైనికుడు కాల్చాడు. బోర్హార్డ్ అక్కడికక్కడే చనిపోయాడు.

ఆరు రోజుల తర్వాత, ఆగస్టు 29న, ఆర్కెస్ట్రా ముందు నిలబడింది చెలిబిదాకె. వయసు 33. అంతకు ముందు ఇంత పెద్ద ఆర్కెస్ట్రాని నడిపిన అనుభవం లేదు. కానీ విదేశీయుడు, నాజీ మచ్చ లేనివాడు. పైగా మంచి ప్రతిభ ఉంది. తలుపు తెరిచింది పరిస్థితులే, ఆ మాట నిజం. తర్వాత నిలబెట్టుకున్నది మాత్రం పూర్తిగా ఆయన సొంతం.

అప్పటి ఆయన్ని చూడాలంటే ఒక చిన్న ఫిల్మ్ ముక్క ఉంది, తప్పకుండా చూడండి. కూలిపోయిన పాత ఫిల్హార్మోనిక్ హాల్లోనే, పైకప్పు లేని గోడల మధ్య, బేతోవెన్ ఎగ్మాంట్ ఓవర్చర్ (ఎగ్మాంట్ నాటకానికి ముందు వాయించే సంగీతం) వాయిస్తారు. చెలిబిదాకె నల్లటి జుట్టు ముఖం మీద పడుతూ ఉంటుంది. ఒళ్ళంతా సంగీతమే. పిడికిళ్ళు బిగుస్తాయి, కనుబొమలు ముడిపడతాయి, పెదవులు ప్రతి స్వరంతోనూ కదులుతాయి. నాకైతే అక్కడ కండక్టర్ కంటే, అంతా పోయిన ఊళ్ళో వాయించడం మానని ఆ వాద్యకారుల ముఖాలే ఎక్కువ గుర్తుండిపోయాయి.

ఇక గొడవ ఎక్కడ మొదలైంది? 1947 మేలో ఫుర్ట్‌వెంగ్లర్ తిరిగొచ్చాడు. 1952లో ఆయన్నే జీవితకాల ప్రధాన కండక్టర్‌ని చేశారు. చెలిబిదాకెకి దీని మీద అసూయ ఉన్నట్టు నాకు కనిపించదు, ఫుర్ట్‌వెంగ్లర్ అంటే ఆయనకి గురుభావం. ఒక సంఘటన ఆయనే చాలాసార్లు చెప్పేవాడు. ఒక రచనలో ఫలానా చోట వేగం ఎంత ఉండాలి అని అడిగితే, ఫుర్ట్‌వెంగ్లర్ 'అది ఎలా వినిపిస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది' అన్నాడట. చెలిబిదాకె జీవితమంతా ఈ ఒక్క జవాబు మీదే కట్టుకున్నాడు. ఎలాగో కాసేపట్లో చెప్తాను.

గొడవంతా వాద్యకారులతోనే. రిహార్సల్స్ ఎక్కువ కావాలి. కొందరు పాతవాళ్ళ స్థాయి పడిపోయింది, వాళ్ళని మార్చాలి. ఈ మాటలు ముఖం మీదే అనేవాడు. ఇక్కడ మీరొకటి గమనించాలి. ఈ ఆర్కెస్ట్రా 1882లో పుట్టిందే యజమాని మీద తిరగబడి. బిల్జె అనే ఆయన దగ్గర పనిచేసే 54 మంది బయటికొచ్చి పెట్టుకున్న సంస్థ ఇది. అందుకే కండక్టర్‌ని ఎన్నుకునే హక్కు తమది అని వాళ్ళు గట్టిగా నమ్ముతారు. అలాంటివాళ్ళ మధ్య నిలబడి 'మీలో సగంమంది పనికిరారు' అన్న ధోరణిలో మాట్లాడితే ఏమవుతుంది? అదే అయింది. 1954 నవంబర్‌లో చివరి రిహార్సల్స్ దగ్గరికి వచ్చేసరికి తెగేదాకా లాగారు. నవంబర్ 30న ఫుర్ట్‌వెంగ్లర్ చనిపోయాడు. రెండు వారాలు తిరక్కముందే వాద్యకారులు తమకు ఎవరు కావాలో తేల్చి చెప్పారు. ఆస్ట్రియా కండక్టర్ హెర్బెర్ట్ ఫాన్ కరాయాన్. నాజీ పార్టీ సభ్యత్వం ఉన్న మనిషి. కష్టకాలంలో తమతో 414 కచేరీలు చేసిన చెలిబిదాకెని కాదని ఆయన్ని ఎంచుకున్నారు.

దీన్ని నమ్మకద్రోహం అనేవాళ్ళున్నారు. నేను అలా అనను. అమెరికా టూర్ నెత్తిమీద ఉంది, రికార్డింగ్ కంపెనీలు ఎదురుచూస్తున్నాయి, రేపటి జీతం సంగతి చూసుకోవాలి. రికార్డింగే వద్దనే కండక్టర్‌తో వాళ్ళు ఎంతకాలం బతుకుతారు? పైగా అవమానం పడ్డవాళ్ళు వాళ్ళే. చెలిబిదాకె ఈ గుణం తర్వాతా మారలేదు. మ్యూనిక్‌లో ఒక మహిళా ట్రాంబోన్ కళాకారిణిని మొదటి స్థానం నుంచి దించేసిన వ్యవహారం ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచింది, ఆమే గెలిచింది. ఆయన సంగీతాన్ని ఎంత ఇష్టపడినా ఇది పక్కన పెట్టకూడదు.

బెర్లిన్ తర్వాత ఆయన స్టాక్‌హోమ్, స్టుట్‌గార్ట్, పారిస్ తిరిగి, 1979లో మ్యూనిక్ ఫిల్హార్మోనిక్‌లో స్థిరపడ్డాడు. కరాయాన్ గురించి ఇంటర్వ్యూల్లో చాలా కటువుగా మాట్లాడాడు. 1989 జూలైలో కరాయాన్ చనిపోయాడు, అదే ఏడాది బెర్లిన్ గోడ కూలింది. అప్పుడు జర్మనీ అధ్యక్షుడు రిచర్డ్ ఫాన్ వైట్సెకర్ పూనుకుని, రొమేనియాలోని అనాథ పిల్లల కోసం కచేరీ చేయమని చెలిబిదాకెని పిలిచాడు. సొంత దేశం పిల్లల కోసం అనేసరికి ఆయన ఒప్పుకున్నాడు. మామూలు కంటే ఎక్కువ రిహార్సల్స్ కావాలన్నాడు, అదీ ఇచ్చారు.

ఇప్పుడు అసలు కచేరీ. మిగతా కండక్టర్లు ఈ సింఫనీని గంటా అయిదు, గంటా పది నిమిషాల్లో పూర్తిచేస్తారు. ఇక్కడ దాదాపు గంటన్నర. మొదట్లో వయొలిన్లు గాలి కదిలినంత సన్నగా వణుకుతుంటాయి, దాని మీద చెల్లోలు (వయొలిన్ కంటే పెద్దవి, లోతైన స్వరం ఉన్న తీగ వాద్యాలు) ఒక పొడవాటి రాగం ఎత్తుకుంటాయి. చాలా రికార్డింగుల్లో అది అందమైన పాటలా సాగిపోతుంది. ఇక్కడ ఒక్కో స్వరం పూర్తిగా విచ్చుకున్నాకే తర్వాతది వస్తుంది. ఫుర్ట్‌వెంగ్లర్ జవాబు అన్నానే, అది ఇదే. హాల్లో ధ్వని గోడలకు తగిలి తిరిగొస్తుంది. ఒక్కో వాద్యంలో అసలు స్వరంతో పాటు సన్నటి అనుస్వరాలూ పలుకుతాయి. అవన్నీ చెవికి అందాలంటే సమయం కావాలి. సంగీతం ఎంత చిక్కగా ఉంటే అంత ఆగాలి. కాబట్టి వేగం కాగితం మీద ఉండదు, ఆ రోజు, ఆ హాల్లోనే తేలుతుంది. రికార్డింగులంటే ఆయనకి పడకపోవడానికి కారణమూ ఇదే: హాలు మైకులో ఇమడదు. ఆ లెక్కన మనం చూస్తున్న ఈ వీడియో కూడా ఆయనకి సగం వస్తువే.

రెండో భాగం, అడాజియో, అంటే నెమ్మదిగా సాగే భాగం, ఈ వీడియోకి ప్రాణం. తను ఆరాధించే జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఇక ఎక్కువ కాలం బతకడన్న దిగులుతో బ్రూక్నర్ ఇది రాయడం మొదలుపెట్టాడు. 1883 ఫిబ్రవరిలో వాగ్నర్ చనిపోయాక చివరి భాగం శోకగీతంగా చేర్చాడు. అక్కడ నాలుగు వాగ్నర్ ట్యూబాలు (లోతైన నాదం ఉన్న ఇత్తడి వాద్యాలు) కలిసి పలుకుతాయి. ఆ చోట చెలిబిదాకె చేతులు ఎంత తక్కువ కదులుతాయో చూడండి. శిథిలాల్లో ఒళ్ళంతా ఊగిపోయిన మనిషి ఇక్కడ దాదాపు కదలడు, వినడమే ఆయన పని. ఆ వాద్యకారుల్లో ఎక్కువమంది 1954 నాటికి ఈ ఆర్కెస్ట్రాలో లేనివాళ్ళు, కరాయాన్ చేతుల్లో తయారైనవాళ్ళు. ఆ మెరుపు, ఆ నిండు తీగల నాదం ఆయన ఇచ్చిందే. దాని మీద చెలిబిదాకె ఓపిక పడింది. ఈ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో వినే అవకాశం మనకు ఈ ఒక్క సందర్భంలోనే ఉంది.

మరి లోపాల్లేవా అంటే, ఉన్నాయి. మూడో భాగం స్కెర్జో నాకు బరువుగా అనిపించింది, అందులో ఉండాల్సిన పరుగు లేదు. నాలుగో భాగం మొదట్లోనూ ఆర్కెస్ట్రా ఇంకాస్త ముందుకు పోదామన్నట్టు, ఆయన ఆగమన్నట్టు ఒక పెనుగులాట వినిపిస్తుంది. కొందరు దీన్ని ఘనమైన రాజీ కచేరీ అంటారు. నాకు అలా అనిపించలేదు. రాజీ పడినవాళ్ళు మళ్ళీ కలుస్తారు కదా, వీళ్ళు కలవలేదు. చెలిబిదాకె 1996 ఆగస్టులో చనిపోయేదాకా ఈ ఆర్కెస్ట్రాని మళ్ళీ నడపలేదు.

బ్రూక్నర్ మీకు పూర్తిగా కొత్త అయితే దీనితో మొదలుపెట్టకండి, ఓపిక చాలదు. ముందు కరాయాన్ 1989 ఏప్రిల్‌లో చేసిన ఇదే ఏడో సింఫనీ వినండి. అది ఆయన చివరి రికార్డింగ్, అందులో వాయించింది బెర్లిన్ వాళ్ళు కాదు, వియన్నా ఫిల్హార్మోనిక్. అప్పటికి కరాయాన్‌కి కూడా బెర్లిన్‌తో చెడిపోయింది, అదే నెలలో రాజీనామా చేశాడు. అది విన్న వారం పది రోజులకి ఈ వీడియోకి రండి, అడాజియో దగ్గర ఫోన్ సైలెంట్‌లో పెట్టేయండి. రెండూ విన్నవాళ్ళు ఏది మీకు దగ్గరగా అనిపించిందో కామెంట్లలో రాయండి, నేను ప్రతిదీ చదువుతాను.