నల్లబండ మీద చీనీ తొక్కల నీళ్లు

(సబ్బులు, షాంపూలు, ఫినాయిల్ బదులు ఇంట్లో దొరికేవి వాడుకోవడంపై కడప స్టూడియో నుంచి జరిగిన ఫోన్-ఇన్. సమాధానాలు చెప్పినవారు గృహవిజ్ఞాన అధ్యాపకురాలు.)

వ్యాఖ్యాత: నమస్కారం మేడమ్. ఎర్రగుంట్ల నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

శ్రోత (ఎర్రగుంట్ల): నమస్తే మేడమ్. మాది బోరునీళ్లు. తలకి సబ్బు రుద్దితే వెంట్రుకలు జిగురు పట్టినట్ల అయితాయి. కుంకుడుకాయకి మారదామనుకుంటాండా. అయితే పొద్దున్నే కొట్టి నానేసే తీరిక లేదు.

నిపుణురాలు: రాత్రే పని కానిచ్చేయండి. 12 కాయలు పగలగొట్టి గింజలు తీసి పారేయండి, నురగంతా పైతొక్కలోనే ఉంటుంది. లీటరు నీళ్లలో రాత్రంతా నానాలి. పొద్దున సన్నమంట మీద 15 నిమిషాలు ఉడికించి, చల్లారినాక పిసికి, పల్చటి గుడ్డలో వడగట్టండి. మీ ఇబ్బందికి కారణం నీళ్లలోని సున్నం. సబ్బు దాంతో కలిసి విరిగిపోతుంది. బకెట్టు అంచున తెల్లగా తెట్టు కడుతుంది చూడండి, వెంట్రుకలకు పట్టేది అదే. కుంకుడు రసం అట్లా విరగదు.

శ్రోత (ఎర్రగుంట్ల): ఒకసారి చేస్తే ఎన్ని రోజులు వస్తాది?

నిపుణురాలు: ఎండాకాలం బయట పెడితే రెండో రోజుకే పులుస్తుంది. ఫ్రిజ్‌లో వారం. ఫ్రిజ్ లేకుంటే తొక్కలు ఎండబెట్టి పొడి కొట్టుకోండి. కొట్టేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, లేకుంటే తుమ్ములు ఆగవు. కంట్లో పడితే మంట, పిల్లలకు తల వెనక్కి వంచి పోయండి.

వ్యాఖ్యాత: థ్యాంక్యూ సార్. ప్రొద్దుటూరు నుంచి.

శ్రోత (ప్రొద్దుటూరు): హలో... హలో, వినిపిస్తాందా?

వ్యాఖ్యాత: వినిపిస్తోందమ్మా. రేడియో సౌండు తగ్గించుకోండి.

శ్రోత (ప్రొద్దుటూరు): ఆ, తగ్గించినా. మేడమ్, మేము చీనీకాయలు బాగా తింటాం. తొక్కలు పారేసేది ఎందుకని ఎంజైమ్ చేసినా, అదే, తొక్కలు పులియబెట్టి చేసే కడిగే నీళ్లు. 100 గ్రాముల బెల్లం, 300 గ్రాముల తొక్కలు, లీటరు నీళ్లు. మూడు నెల్లు పెట్టినా. మంచిగా పుల్ల వాసన వచ్చింది. ఇంకొకటి గూడా పెట్టినా మొన్న, ఊరగాయ గాజు సీసా ఖాళీగా ఉంటే. అది కాదు నేను అడిగేది. మా వంటింటి అరుగు నల్ల కడప బండ. పొయ్యి పక్కన జిడ్డు పేరుకోని ఉంటే, నీళ్లు కలపకుండా ఈ ఎంజైమే పోసి పావుగంట ఇడిసినా. జిడ్డు పోయింది. పోయింది గానీ, అంతమేరా బూడిద పూసినట్ల తెల్లగా అయిపోయింది. నీళ్లు పోస్తే మళ్లీ నల్లగా కనపడతాది. ఆరితే తెలుపే. ఏం పోసి కడగల్ల మేడమ్?

నిపుణురాలు: అరుగు దగ్గరే ఉన్నారా ఇప్పుడు?

శ్రోత (ప్రొద్దుటూరు): ఈడనే ఉండా.

నిపుణురాలు: ఆ తెల్లచోట వేలితో తడిమి చూడండి. తర్వాత పక్కన, పోయని చోట తడమండి. తేడా ఉందా?

శ్రోత (ప్రొద్దుటూరు): ...పక్కన నున్నగుండాది. ఈడ గరుగ్గా తగులుతాంది, సన్న ఇసక మాదిరి.

నిపుణురాలు: అదీ సంగతి. అది మరక కాదమ్మా. మరకైతే కడిగితే పోతుంది. మీకు పోయింది బండ మీది నునుపే. కడప బండ, బేతంచెర్ల బండ, మనం నాపరాయి అనేవన్నీ సున్నపురాయి జాతి. పులుపు తగిలితే పైపొర కరిగి చిన్న చిన్న బుడగలుగా పోతుంది. నిమ్మరసం, చింతపండు, వెనిగర్, మీ ఎంజైమ్, దేనికైనా అదే పని. గ్రానైట్ అట్లా పొంగదు. ఏ బండో తెలియనివాళ్లు మూలన, కనపడని చోట ఒక్క చుక్క నిమ్మరసం వేసి చూసుకోండి. బుడగలొస్తే ఆ బండకి పులుపు వద్దు.

శ్రోత (ప్రొద్దుటూరు): అయితే వంటసోడా పోస్తే సరిపోతాదా? పులుపుకి విరుగుడు అంటారు కదా.

నిపుణురాలు: పులుపు ఇంకా మిగిలుంటే దాన్ని చంపుతుంది. కరిగిపోయిన రాయిని తెచ్చి పెట్టదు కదా.

శ్రోత (ప్రొద్దుటూరు): కాదు మేడమ్, సోడా, వెనిగర్ రెండూ కలిపితే బుసబుసా పొంగుతాది కదా. ఆ పొంగుకి తెలుపు లేచిపోదా?

నిపుణురాలు: ఆ పొంగు చూసే అందరూ మోసపోయేది. సోడాతో పోయే జిడ్డుకి సోడా, పులుపుతో పోయే మరకకి పులుపు, విడివిడిగా వాడితేనే పని. కలిపితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది ఉప్పునీళ్లలాంటి నీళ్లే. పైగా వెనిగర్ మళ్లీ పులుపేనమ్మా! ఆ బండ మీద ఇంకోసారి పోస్తారా?

శ్రోత (ప్రొద్దుటూరు): లేదు లేదు. మా పక్కింటామె ఆ ఎంజైమ్‌లోనే రవ్వంత బ్లీచింగ్ పౌడర్ వేసి రుద్దమనింది...

నిపుణురాలు: ఆగండి. ఈ మాట అందరూ వినాలి. బ్లీచింగ్‌లో పులుపు పడకూడదు. నిమ్మకాయ గానీ, ఎంజైమ్ గానీ, బాత్రూమ్ యాసిడ్ గానీ, ఏది కలిసినా క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపేసిన బాత్రూములో అయితే ఊపిరాడదు. పొరపాటున కలిపి ఘాటు కొడితే, శుభ్రం చేస్తూ కూర్చోకండి, వెంటనే బయటికి వచ్చేయండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి పోవాలి.

శ్రోత (ప్రొద్దుటూరు): కలపలేదు మేడమ్, అడిగినా అంతే. మరి నా బండ?

నిపుణురాలు: హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ అని అడగండి, తడిపి రుద్దే గరుకు కాగితం అది. 400, 800, 1200 నంబర్లు తలా ఒకటి. బండ తడిపి ముందు 400తో గుండ్రంగా రుద్దండి. కడిగి 800, మళ్లీ కడిగి 1200. పొడిబండ మీద రుద్దితే గీతలు పడతాయి. మూలన జానెడు చోట రుద్ది చూసి, నచ్చితేనే మిగతాది. బాగా ఆరినాక నాలుగు చుక్కల అవిసె నూనె గుడ్డతో పట్టించి, 10 నిమిషాలకి పొడిగుడ్డతో తుడిచేయండి. నలుపు చాలావరకు తేలుతుంది. అద్దంలా రావాలంటే పాలిష్ మిషన్ పిలిపించుకోవాల్సిందే. అన్నట్టు, ఆ నూనెగుడ్డ ఉండచుట్టి మూల పడేయొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. బయట పరిచి ఆరేయండి. ఇక మీదట జిడ్డుకి గోరువెచ్చని నీళ్లలో కుంకుడు రసం చాలు.

శ్రోత (ప్రొద్దుటూరు): ఎంజైమ్ లీటరు ఉండాది మేడమ్, ఏం చేయల్ల?

నిపుణురాలు: భేషుగ్గా వాడండి. బాత్రూమ్ బకెట్లకి, మగ్గులకి తెల్లగా పొర కడుతుంది చూడండి, అది కూడా సున్నమే. బండని తిన్న పులుపే దాన్నీ తింటుంది. అరగంట ఉంచి పీచుతో రుద్దండి. మెరుపు టైల్స్ తుడవడానికి ఒకటికి పది పాళ్లు నీళ్లు కలుపుకోండి.

శ్రోత (ప్రొద్దుటూరు): అట్లయితే బండకి సోడా వేయొద్దంటారు.

నిపుణురాలు: వేయొద్దమ్మా.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. ధర్మవరం నుంచి, క్లుప్తంగా.

శ్రోత (ధర్మవరం): పట్టుచీరలు కుంకుడు రసంతో ఉతకొచ్చా మేడమ్?

నిపుణురాలు: ఉతకొచ్చు. ముందు తెల్లగుడ్డ తడిపి అంచు మీద గట్టిగా ఒత్తండి. రంగు అంటితే ఇంట్లో ఉతకొద్దు. అంటకపోతే చన్నీళ్ల బకెట్టుకి గ్లాసెడు చిక్కటి రసం కలిపి, చీర ముంచి తీసి, వెంటనే రెండు నీళ్లలో జాడించండి. నానబెట్టొద్దు, పిండొద్దు. నీడన ఆరేయండి. సోడా మాత్రం పట్టు దరిదాపుల్లోకి రానివ్వొద్దు. పట్టు కూడా వెంట్రుకలాంటిదే, సోడాలోని క్షారానికి దారం బలహీనపడి మెరుపు పోతుంది.

వ్యాఖ్యాత: రాయచోటి.

శ్రోత (రాయచోటి): మేడమ్, చంకల్లో వాసనకని నిమ్మచెక్క మీద వంటసోడా వేసి రుద్దుకుంటాండా. చర్మం నల్లబడి మంటగా ఉంది.

నిపుణురాలు: ఈరోజే ఆపేయమ్మా. సోడాలోని క్షారం చర్మాన్ని రేపుతుంది. నిమ్మరసం పడిన చోట ఎండ తగిలిందంటే కాలిన మచ్చల్లాంటివి పడతాయి. మన ఎండల సంగతి చెప్పేదేముంది. మంట పూర్తిగా తగ్గేదాకా నీళ్లు తప్ప ఏమీ వద్దు, బొబ్బలొస్తే చర్మం డాక్టరుకి చూపించు. మానినాక పటికముక్క తడిపి పైపైన రాసుకో. గీసుకున్న రోజు అది కూడా వద్దు.

వ్యాఖ్యాత: కర్నూలు నుంచి ఆఖరి కాల్.

శ్రోత (కర్నూలు): మేడమ్, నల్ల హెన్నా అంటే సహజమైనదే కదా, పాకెట్ మీద కూడా...

వ్యాఖ్యాత: హలో? లైన్ కట్ అయింది.

నిపుణురాలు: రేడియోలో వింటుంటారు, చెప్పేస్తా. గోరింటాకు ఎరుపే ఇస్తుంది. నలుపు కావాలంటే గోరింటాకు పెట్టి కడిగినాక నీలిఆకు పొడి పెట్టాలి, రెండు విడతల పని. ఒక్క పూతతో అరగంటలో నల్లబడిందంటే అందులో రసాయనపు రంగు ఉన్నట్టే. పాకెట్ వెనక పీపీడీ అనే అక్షరాలు వెతకండి. అది పడనివాళ్లకి మొహం వాచిపోతుంది. చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూసుకోండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది మేడమ్, ధన్యవాదాలు.

నిపుణురాలు: ఒక్క నిమిషం. ప్రొద్దుటూరు ఆమె రెండోది గాజు సీసాలో పెట్టానన్నారు, నేనే వదిలేశాను. మొదటి నెలంతా అందులో గ్యాస్ పుడుతుంది, బిగించిన గాజు సీసా పగలగలదు. అమ్మా, వింటుంటే ఇప్పుడే మొహం దూరంగా పెట్టి, సీసా మీద మందపాటి గుడ్డ కప్పి, మెల్లగా మూత వదులు చేయండి. తర్వాత రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలోకి మార్చి, పైన జానెడు ఖాళీ ఉంచి, రోజుకోసారి మూత తీసి పెట్టండి.