పాలమూరు పిల్లల నాటకం: పాట ఎక్కడ పండింది, ఎక్కడ అడ్డం పడింది?

అందరికీ నమస్తే. ఈసారి సినిమా కాదు, నాటకం రివ్యూ. పాలమూరు వైపు ఒక యూనివర్సిటీలో విద్యార్థులు వేశారు. వలస కథ. పొలం బీడు పడి ముంబై బస్సెక్కిన కుటుంబం, ఊళ్లో మిగిలిపోయిన అవ్వ. ఈ జిల్లాలో అందరికీ తెలిసిన కథే. అయినా చూడాలి, పాట కోసం చూడాలి.

ఒగ్గు కథ చెప్పినట్టు ఒక అమ్మాయి కథ ఎత్తుకుంది. పక్కన ఇద్దరు వంతలు, అంటే వంత పాడేవాళ్లు. ఆమె మాట విడిస్తే వాళ్లు అందుకుంటారు, మధ్యలో ఆపి "ఎందుకు పోయిండే?" అని అడుగుతారు. మన మనసులో ఉన్న ప్రశ్న కూడా అదే. కరువు, అప్పు, ప్రయాణం అన్నీ ఒక్క పాటలో వచ్చేశాయి. డైలాగులతో అయితే మూడు సీన్లు పట్టేది.

ఇక బిల్డింగ్ పని సీన్. ఆడవాళ్లు వరుసగా నిలబడి సిమెంటు తట్టలు అందించుకుంటున్నారు. ఆ చేతులు మారే వేగంలోంచే లయ పుట్టింది. కాసేపటికి తట్టలు మధ్యలో పెట్టి, వంగి చప్పట్లు కొడుతూ చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఆ రోజు బతుకమ్మ పండుగ అని అప్పుడు అర్థమైంది. ఒక్క మాట లేదు. నాటకంలో డ్యాన్స్ అంటే ఇదండీ!

ఇంటర్వెల్ తర్వాత మాత్రం బాధేసింది. అవ్వకు కొడుకు ఫోన్ వస్తుంది, ఆమె గొంతు వణుకుతుంది, అంతలోనే స్పీకర్లో సినిమా పాట, గ్రూప్ డ్యాన్స్. పిల్లలు బాగానే ఆడారు, ఈలలు కూడా పడ్డాయి. కానీ అవ్వ దుఃఖం అక్కడే తెగిపోయింది. నటి ఇంకో క్షణం ఆగాలనుకున్నా రికార్డు ట్రాక్ ఆగదు. డప్పు ఆగుతుంది. మొదటి సగంలో డప్పు కొట్టిన అబ్బాయి చూపంతా అవ్వ మీదే ఉంది, ఆమె ఊపిరి పీల్చుకున్నాకే దెబ్బ వేశాడు. ఏసీకి తోలు మెత్తబడితే బయటికెళ్లి గడ్డి మంట మీద కాచుకుని వచ్చాడు. అంత శ్రద్ధ! అయితే ఆ డప్పుకు మైక్ పెట్టడం వల్ల డైలాగులు మునిగిపోయాయి. ఆ హాల్లో డప్పుకు మైక్ అక్కర్లేదు.

ఇలా పాటతో కథ చెప్పడానికి మన దగ్గర పెద్ద దారే ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో నల్లగొండ ప్రాంతపు సుద్దాల హనుమంతు గొల్ల సుద్దులు, బుర్రకథలతోనే జనంలోకి వెళ్లారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో, నారాయణపేట జిల్లా బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇలాంటి కళాకారులను రిహార్సల్స్ మొదలయ్యే రోజే పిలవాలి, సరైన డబ్బులిచ్చి పిలవాలి. చివరి వారంలో శాలువా కప్పడానికి మాత్రమే కాదు.

టీమ్‌కు నా మాట ఒక్కటే: ఆ సినిమా పాట తీసేయండి, అవ్వ పాటను ఆ వంతలకే ఇవ్వండి. చూసేవాళ్లకు: మళ్లీ వేస్తే తప్పకుండా వెళ్లండి, డప్పు వాళ్లు కనిపించే వైపు కూర్చోండి.