కమిటీలో ఎవరు కూర్చుంటున్నారు?

వ్యాఖ్యాత: నమస్కారం. కోనసీమలో దివ్యాంగులకు ఆటపాటలు, తోలుబొమ్మలాట నేర్పే ఓ స్వచ్ఛంద సంస్థను నడిపేవాళ్లు ఈరోజు మన స్టూడియోలో ఉన్నారు. చక్రాల కుర్చీలో ఉన్నవారు కార్యదర్శి గారు. పక్కన కోశాధికారి గారు, ఆయనకి చూపు లేదు. నెత్తిన అమ్మవారి గరగ (అలంకరించిన కుండ) పెట్టుకుని ఆడే గరగ నృత్యం నేర్పే మాస్టారు, అక్కడ నేర్చుకుంటున్న ఓ అమ్మాయి తల్లిగారు కూడా వచ్చారు. మేడమ్, సంస్థ నడపడంలో అన్నిటికన్నా కష్టమేది? డబ్బేనా?

కార్యదర్శి: డబ్బు కష్టమేనండి. కానీ దాన్ని దేనికి ఇస్తారన్నది ఇంకా పెద్ద చిక్కు. వార్షికోత్సవం అంటే షామియానాకి, మైక్‌సెట్‌కి, జ్ఞాపికలకి అడక్కముందే దాతలు వస్తారు. ఏడాది పొడుగునా పిల్లల్ని రిహార్సల్‌కి తెచ్చి దింపే ఆటో కిరాయి అడిగితే ముఖాలు మారిపోతాయి. మా పిల్లలు చాలామందికి కాలవ గట్ల మీదే ఇళ్లు. చేతిలో ఆర్టీసీ పాస్ ఉన్నా బస్సు మెట్టు ఎక్కలేరు. ఆటో రాకపోతే ఆ పూటకి ఆ పిల్లకి డాన్సే లేదు.

వ్యాఖ్యాత: కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్సార్ నిధులుంటాయి కదా?

కోశాధికారి: ఉంటాయండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం, ఓ స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి ఖర్చుపెట్టాలి. అవి అందుకోవాలంటే మాకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, సీఎస్సార్-1 ఫారం వేసి ఉండాలి. అన్నీ పక్కాగా పెట్టుకున్నాం. అయితే ఎప్పుడు మొదలుపెడతారు, ఎప్పటికి అయిపోతుంది అని అడుగుతారు. పిల్లాడు డప్పు నేర్చుకోవడం మార్చి 31కి అయిపోదు కదండీ.

వ్యాఖ్యాత: మాస్టారూ, వినపడని పిల్లలకి గరగలు ఎలా నేర్పుతున్నారు?

మాస్టారు: సిమెంటు గచ్చు మీద లాభం లేదండి. చెక్క పలకలు పరిచి, వాటికే డప్పు ఆనించి కొడతాను. చెప్పుల్లేకుండా నిలబడితే దెబ్బ అరికాళ్లకి తెలుస్తుంది. కాసేపు కళ్లు మూసుకోమని ముందే సైగ చేస్తాను. తెరిచి ఉంటే నా చెయ్యి చూసి ఆడేస్తారు, నేను పక్కకి తప్పుకుంటే అడుగు తప్పుతారు. దెబ్బ కాళ్లకి పట్టుబడ్డాక నెత్తిన ఖాళీ బిందె, ఆ తర్వాతే గరగ. ఒక్క మాట చెప్పాలండి. అమ్మవారి జాతరలో మా పిల్లలు ఆడితే జాలితో చప్పట్లు కొట్టొద్దు. తప్పు ఆడితే తప్పనండి. మిగతా మేళాలకి ఏమిస్తారో మాకూ అంతే ఇవ్వండి.

తల్లి: మా అమ్మాయికి డౌన్ సిండ్రోమ్ అండి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, పింఛను వరకూ ఎవరో ఒకరు దారి చెబుతారు. ఆ తర్వాత పిల్ల రోజంతా ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. ఇక్కడ తోలుబొమ్మలకి రంగులేస్తుంది. నచ్చని రంగు ఇస్తే గిన్నె పక్కకి నెట్టేస్తుంది. ఇంట్లో ఏది పెడితే అది తినే పిల్ల. అలా నెట్టేయడం చూశాక నాకు ధైర్యం వచ్చింది.

వ్యాఖ్యాత: మీ కమిటీలో దివ్యాంగులే ఎక్కువమంది ఉండాలని రాసుకున్నారట?

కార్యదర్శి: బైలాలోనే, అంటే సంస్థ నియమావళిలోనే పెట్టామండి. అంతకుముందు పెద్దలు మంచి మనసుతోనే నడిపారు. కానీ ఓసారి రిహార్సల్‌కి మేడ మీద హాలు అద్దెకి తీసుకున్నారు, లిఫ్ట్ లేదు. నా కుర్చీని నలుగురు మోసుకెళ్లారు. కమిటీలో నాలాంటివాళ్లు ఒక్కరున్నా ఆ హాలు చూడ్డానికి కూడా వెళ్లేవాళ్లు కాదు. స్టేజీ మీద మమ్మల్ని కూర్చోబెట్టి సన్మానిస్తారు, నిర్ణయం తీసుకునేటప్పుడు మాత్రం పిలవరు. అది మారాలి. అన్నయ్యగారూ, బ్యాంకు సంగతి చెప్పండి.

కోశాధికారి: ఒక బ్యాంకులో సంస్థ ఖాతాకి నా సంతకం ఒప్పుకోలేదండి. చూపున్నవాళ్లని పెట్టుకోండి అన్నారు. చూపులేనివాళ్లకి చెక్‌బుక్కు, లాకరు లాంటి సేవలు కాదనొద్దని రిజర్వు బ్యాంకు 2008లోనే చెప్పింది. ఆ సర్క్యులర్ ప్రింటు తీసుకుని కమిటీ మొత్తం వెళ్లాం. అప్పుడు తీసుకున్నారు. లెక్కలంటారా, ఫోను చదివి వినిపిస్తుంది. ఏ ఓచరు దేనిదో అడగండి, చెబుతాను.

వ్యాఖ్యాత: వరదలప్పుడు?

మాస్టారు: గోదావరి లంకలకి వెళ్లే కాజ్‌వే మునిగితే అక్కడి పిల్లలు రాలేరండి. నీళ్లు తీసేదాకా వాళ్లకి క్లాసు ఉండదు.

వ్యాఖ్యాత: ప్రభుత్వం నుంచి ఏం ఆశిస్తున్నారు?

కార్యదర్శి: కొత్తగా ఏమీ అక్కర్లేదండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్‌లో కళాకారులకి సౌకర్యాలు, ఆర్థిక తోడ్పాటు ఇవ్వాలని ఉంది. దాన్ని అమలు చేస్తే చాలు. టీవీ కార్యక్రమాలు సైన్ లాంగ్వేజ్‌తోనో సబ్‌టైటిల్స్‌తోనో వినపడనివాళ్లకి అందాలని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. మా పిల్లలు ఈ చర్చ కోసం ఎదురుచూస్తున్నారు. మీ ప్రసారంలో అవి ఉంటాయా?

వ్యాఖ్యాత: ఇప్పటిదాకా లేవండి. ఈ ఎపిసోడ్‌కి సబ్‌టైటిల్స్ వేయించమని అడుగుతాను.

కార్యదర్శి: చదవడం రాని చిన్నపిల్లలూ ఉన్నారండి. ఇంటర్‌ప్రెటర్‌ని మేం పంపిస్తాం, ఎడిటింగ్ ఎప్పుడో చెప్పండి. ఆమె ఫీజు మాత్రం ఛానెలే ఇవ్వాలి.