కొరింటో రేవులో మందుపాతరలు

శ్రోతలకు నమస్కారం.

1984 మొదట్లో మధ్య అమెరికా దేశం నికరాగ్వాలోని కొరింటో రేవులో నీళ్ల కింద మందుపాతరలు పేలాయి. చేపల పడవలూ దెబ్బతిన్నాయి, సరుకు ఓడలూ దెబ్బతిన్నాయి. పెట్టించింది అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ. ఓడలవాళ్లకు ముందుగా ఒక్క హెచ్చరికైనా లేదు. అక్కడి సాండినిస్టా ప్రభుత్వం మీద ఆయుధాలు పట్టిన కాంట్రాలను పోషిస్తున్నదీ అమెరికాయే.

ఏప్రిల్ 9న నికరాగ్వా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. విచారించే అధికారం తనకుందని కోర్టు నవంబరులో తేల్చింది. జనవరిలో అమెరికా ఇక రానని చెప్పేసింది. అయినా విచారణ ఆగలేదు. 1986 జూన్ 27న తీర్పు వచ్చింది. అప్పుడు కోర్టు అధ్యక్షుడు మన దేశానికి చెందిన నగేంద్ర సింగ్.

కోర్టు అధికారాన్ని ఒప్పుకున్నప్పుడే అమెరికా పెట్టుకున్న ఒక షరతు వల్ల ఐక్యరాజ్యసమితి చార్టరును కోర్టు నేరుగా వాడలేకపోయింది. అందుకని ఆచార న్యాయాన్ని పట్టుకుంది. అంటే, దేశాలు తమ బాధ్యతగా భావించి పాటిస్తూ వచ్చిన నియమాలు. ఒక దేశం మరో దేశ వ్యవహారాల్లో జోక్యం చేసుకోకూడదన్నది వాటిలో ఒకటి. ఏది జోక్యమో తేల్చడానికి కోర్టు రెండు సంగతులు చూసింది. రాజకీయ వ్యవస్థ, విదేశాంగ విధానం లాగా ఆ దేశం తనంతట తాను తేల్చుకోవలసిన విషయమేనా? అందులో బలవంతం ఉందా? బలవంతమే అసలు కీలకం. పరాయి ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా, ఉత్త మాటలు ఈ నిషేధం కిందికి రావు.

కాంట్రాలకు ఆయుధాలు, శిక్షణ ఇవ్వడం జోక్యమే కాదు, బలప్రయోగం కూడా అంది కోర్టు. వట్టి డబ్బివ్వడం బలప్రయోగం కాదు గానీ, జోక్యమే. నికరాగ్వా నుంచి కొనే చక్కెర కోటాను అమెరికా 90 శాతం కోసెయ్యడం, 1985 మేలో వాణిజ్యం మొత్తం ఆపెయ్యడం మాత్రం ఆచార న్యాయం ప్రకారం జోక్యం కాదంది. వాణిజ్య నిషేధం 1956 నాటి స్నేహ ఒప్పందానికి విరుద్ధమని మాత్రం ఒప్పుకుంది. తీర్పులో మింగుడుపడని భాగం ఇదే. పెద్ద కొనుగోలుదారు తలుపు మూసేస్తే చిన్న దేశానికి అది బలవంతం కాక మరేమిటి?

ఇంకో మాట కూడా ఇందులోనే ఉంది. ప్రభుత్వం పిలిస్తే సాయానికి వెళ్లవచ్చు. ప్రతిపక్షం పిలుపు చాలదు. చాలుననుకుంటే ఏ దేశంలోకైనా ఎవరైనా ఎప్పుడైనా చొరబడవచ్చు.

దేశాల అంతర్గత వ్యవహారాల్లో జోక్యం కూడదనే, చార్టరులోని 2(7) అధికరణాన్ని చాలామంది ఇక్కడ ఉదహరిస్తారు. అది కట్టడి చేసేది ఐక్యరాజ్యసమితినే. దేశాలు ఒకదానిపై ఒకటి బలం ప్రయోగించకుండా ఆపేది 2(4).

తీర్పును అమలు చేయాలన్న తీర్మానం అదే ఏడు అక్టోబరులో భద్రతామండలికి వచ్చింది. అమెరికా వీటో చేసింది. పరిహారం ఎంతో కోర్టు ఇంకా తేల్చనే లేదు, 1990 ఎన్నికల్లో సాండినిస్టాలు ఓడిపోయారు. 1991లో కొత్త ప్రభుత్వం కేసును వెనక్కి తీసుకుంది.