ఎట్ గుర్తుకు అటూ ఇటూ
(గుంటూరులో చిన్న వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈమెయిలు చిరునామా గురించి మాట్లాడమని అడిగినప్పుడు, నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కానని ముందే చెప్పాను. అరండల్‌పేటలో అచ్చుపని చేసుకునేవాణ్ణి. అయితే ఈ ఊళ్లోని కమిషన్ దుకాణాలకు, కోల్డ్ స్టోరేజీలకు, బట్టల కొట్లకు బిల్లు పుస్తకాలు, లెటర్‌హెడ్లు, విజిటింగ్ కార్డులు వేస్తూ పాతికేళ్లు గడిపాను గనుక, ఎవరు ఎలాంటి చిరునామా పెట్టుకున్నారో, దాన్ని ఎన్నిసార్లు మార్చుకున్నారో, మార్చినప్పుడల్లా ఎంత అచ్చు కాగితం చిత్తు కింద పోయిందో నాకు బాగా తెలుసు. నేను చెప్పేదంతా ఆ అనుభవంలోంచి వచ్చిందే.

ముందుగా ఈమెయిలు చిరునామా నడుమ వచ్చే @ గుర్తు సంగతి. దాన్ని మనం ఈనాటికీ ‘ఎట్ ది రేట్’ అనే అంటాం. సరుకు క్వింటా ఇంత చొప్పున అని బిల్లులో రాయడానికి వ్యాపారులు వాడుకున్న గుర్తు అది. 1971లో రే టామ్లిన్సన్ అనే అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు ఉత్తరం పంపే ఏర్పాటు చేస్తూ, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ నడుమ పెట్టడానికి ఎవరి పేరులోనూ రాని గుర్తు కోసం చూసి దీన్ని ఎంచుకున్నాడు. పద్దు రాసేవాళ్ల గుర్తే ఉత్తరాల్లోకి వెళ్లిందన్నమాట.

ఆ గుర్తుకు ఇటువైపు ఉండేది ఎవరు అన్న సంగతి, అటువైపు ఉండేది ఎక్కడ అన్న సంగతి. బ్రాడీపేటలో ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అని చెబితే ఊరికి కొత్తయినవాడు కూడా ఎవరినీ అడగకుండా వచ్చేస్తాడు. చిరునామా అంటే అలా ఉండాలి. కాని మన కార్డుల మీద ఎక్కువగా కనిపించేది, యజమాని ముద్దుపేరు, దాని వెనక పుట్టిన సంవత్సరం, అది అప్పటికే ఎవరో తీసేసుకున్నారంటే చివర ఒక 116, ఆ తరువాత జీమెయిల్. నూటపదహార్లు పెళ్లి చదివింపులకు శుభమే, చిరునామాకు మాత్రం కాదు. జీమెయిల్ వాడటం తప్పని నేను అనడం లేదు. 2004 నుంచి అది ఉచితంగా నడుస్తున్నది, మిర్చి యార్డులో రోజువారీ బేరాలకు ఫోనే చాలు, పాత ఖాతాదారుకు మన గొంతు తెలుసు. అయితే మనల్ని ఎన్నడూ చూడని దూరదేశపు కొనుగోలుదారు ప్రొఫార్మా బిల్లు, అంటే సరుకు పంపకముందే ఇచ్చే బిల్లు, అందుకుని, దాన్ని పంపింది నిజంగా ఒక సంస్థేనా అని చూసేటప్పుడు అతనికి కనిపించేది ఆ గుర్తుకు అటువైపున్న పేరు ఒక్కటే. అక్కడ మన దుకాణం పేరు ఉంటే ఒక అనుమానం తగ్గుతుంది. అటువైపు పెట్టుకునే ఆ సొంత పేరునే డొమైన్ అంటారు, అద్దె కట్టి మన పేరు మీద రిజిస్టరు చేయించుకోవాలి.

ఇక పేరు ఎంపిక. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. మన పేర్లు తెలుగువి, చిరునామా రాసేది ఇంగ్లీషు అక్షరాల్లో. ‘శ్రీ లక్ష్మీ వెంకటేశ్వర’ అనే పేరు తీసుకోండి, ఇలాంటి బోర్డు లేని బజారు మన జిల్లాలో ఉండదు. అందులో శ్రీని ఎస్ తరువాత హెచ్ పెట్టి రాసేవారున్నారు, పెట్టనివారున్నారు. చివర ఒక ఐ రాసేవారున్నారు, రెండు ఈలు రాసేవారున్నారు. అప్పుడే నాలుగు రకాలు. లక్ష్మికి కె, ఎస్, హెచ్ అని ఒక పద్ధతి, ఒక్క ఎక్స్‌తో సరిపెట్టే పద్ధతి మరొకటి. వెంకటేశ్వరలో శకారానికి హెచ్ ఉన్నా పేరే, లేకపోయినా పేరే. లెక్క వేస్తే ఒకే పేరుకు పదహారు రూపాలు తేలాయి, వాటిలో పదిహేను వేరొకరి ఇంటికి పోయే దారులు. పైగా మనం తకారానికి టి, హెచ్ రాస్తాం, ఉత్తరాదివాళ్లు ఒక్క టితో ఊరుకుంటారు.

కొన్నేళ్ల కిందట నేను ఒక కార్డు వివరాలు ఫోనులో రాసుకున్నాను. చెప్పినాయన ‘లక్ష్మీ’ అన్నాడు, నేను అలవాటు చొప్పున కె, ఎస్, హెచ్ వేశాను, ప్రూఫు ఆయన వాట్సాప్‌లో చూసి బాగుందన్నాడు. వెయ్యి కార్డులు వేసి ఇచ్చిన మూడో వారానికి, ఆ చిరునామాకు పంపిన మెయిళ్లన్నీ తిరిగి వస్తున్నాయని తెలిసింది. ఆయనది ఎక్స్ ఉన్న లక్ష్మి. తప్పు నాది గనుక మళ్లీ నా ఖర్చుతోనే వేసి ఇచ్చాను. ఆ రోజు నుంచి చిరునామాను ఒక్కో అక్షరం పలికించుకుని గాని అచ్చు ప్లేటు తీయించడం లేదు.

అందుచేత నేను చెప్పేది ఒక్కటే: చిరునామాను కంటితో కాక చెవితో ఎంచుకోండి. ఫోనులో ఒక్కసారి చెబితే అవతలివాడు మళ్లీ అడగకుండా రాసుకోగలిగితే అది మంచి పేరు. గుమస్తాకో, ఇంట్లో పిల్లలకో ఫోను చేసి చెప్పి, వాళ్లు రాసుకున్నది తెప్పించి చూడండి. పొడవైన దేవుడి పేరు బోర్డు మీద అలాగే ఉండనిచ్చి, చిరునామాకు అందులోంచి ఒక చిన్న ముక్కను, లేదా ఇంటిపేరుకు సరుకు పేరు కలిపి వాడుకోవచ్చు. పొడి అక్షరాలు మాత్రం వద్దు, ఫోనులో బి, డి, పి ఒకేలా వినిపిస్తాయి, ఎమ్‌కూ ఎన్‌కూ తేడా తెలియదు. అంకెలు పెట్టకపోవడమే మేలు: సున్నా అంకె, ఓ అక్షరం అచ్చులో కవలపిల్లలు. అచ్చువాడిగా ఇంకో మాట: అక్షరాల మధ్య అడుగున గీత, అంటే అండర్‌స్కోర్, పెట్టారంటే చిరునామా కింద గీత గీసి చూపించినప్పుడు అది అందులో కలిసిపోయి ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. జీమెయిల్ పేరు మధ్యలో వచ్చే చుక్కలను లెక్కచేయదు, కాని మరోచోట తీసుకున్న చిరునామాలో చుక్క కూడా పేరులో భాగం కావచ్చు. చుక్క లేకుండా పేరు కుదిరితే ఈ గొడవే ఉండదు.

ఇవాళ అమ్ముతున్న సరుకునే పేరులో బిగించకండి. ఈ రోజు తేజ రకం మిర్చి అమ్మేవారు రేపు దుగ్గిరాల పసుపు కూడా ఎగుమతి చేయవచ్చు.

చివరి తోక విషయంలో పెద్ద చర్చ అక్కరలేదు. డాట్ కామ్ దొరికితే తీసుకోండి, దొరక్కపోతే డాట్ ఇన్ ఏమీ తక్కువది కాదు. 2005 నుంచి అది అందరికీ అందుబాటులో ఉంది. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది. మన లిపిలో పేరు చూసుకోవడం నాకూ ముచ్చటే, కాని దాన్ని ఒప్పుకోని ఫారాలు, మెయిలు వ్యవస్థలు ఇంకా చాలా ఉన్నాయి గనుక ప్రస్తుతానికి అదొక్కటే పెట్టుకోకండి. డాట్ ఇన్ పేరుకు ఏడాది అద్దె సాధారణంగా వెయ్యి రూపాయల లోపే ఉంటుంది, మెయిలు పెట్టెకు నెలనెలా కట్టేది వేరు. మొదటి ఏడు చౌక అని ప్రకటిస్తారు, మీరు మాత్రం రెండో ఏటి ధర చూడండి.

గుర్తుకు ఇటువైపు ఏముండాలి? సేల్స్, ఇన్ఫో, సపోర్ట్ వంటి పేర్లు 1997 నాటి ఆర్‌ఎఫ్‌సి 2142 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలోనే ఉన్నాయి, ప్రపంచమంతా వాటికి అలవాటుపడింది. గుమస్తా పేరుతో పెట్టెను తెరిచి, ఖాతాదారులందరికీ అదే ఇచ్చి, అతను మానేసి పక్క కొట్టులో చేరిన రోజున తెల్లబోయినవారిని చూశాను. సేల్స్, అకౌంట్స్ అని పనికి ఒక పేరు పెడితే మనిషి మారినా ఉత్తరం దుకాణానికే వస్తుంది. అలాగని ఒక్క మనిషి నడిపే కొట్టుకు ఐదు శాఖల చిరునామాలు పెడితే చూసేవాళ్లు నవ్వుకుంటారు. రెండు చాలు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా నొప్పించిన సంగతి ఇప్పుడు చెబుతాను. మా ప్రెస్సు పేరును మొదట రిజిస్టరు చేసింది మాకు వెబ్‌సైటు తయారుచేసిన కుర్రవాడు, తన పేరు మీద, తన మెయిలుతో, తన ఫోను నంబరుతో. అతను మంచివాడే, ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లిపోయాడు, నంబరు మార్చాడు. రెన్యువల్ చేసుకోమని వచ్చిన హెచ్చరికలన్నీ అతను చూడని పెట్టెలోకి పోయాయి. క్యాలెండర్లు, డైరీల ఆర్డర్లు వచ్చే డిసెంబరు నెలలో, ఒక సోమవారం ఉదయం మా మెయిలు ఆగిపోయింది. అతని ఆచూకీ పట్టుకుని, జరిమానా రుసుము కట్టి, పేరు వెనక్కి తెచ్చుకునేసరికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో పోయిన ఆర్డర్లు ఎన్నో నాకు ఎన్నటికీ తెలియదు, ఎందుకంటే వాళ్లు పంపింది నాకు చేరనే లేదు. దుకాణం దస్తావేజు పరాయివాడి పేరు మీద రాయిస్తామా? రిజిస్ట్రేషను యజమాని పేరు మీద, యజమాని నంబరుతో ఉండాలి. పదేళ్ల వరకు ఒకేసారి కట్టుకోవచ్చు. హెచ్చరికలు వచ్చే మెయిలు మాత్రం అదే పేరు మీద ఉండకూడదు, ఆ పేరే ఆగిపోతే హెచ్చరిక ఎక్కడికి వస్తుంది? పాత జీమెయిల్‌ను ఈ పనికి ఉంచుకోండి. జీఎస్‌టీ, చిన్న సంస్థలకు ఉండే ఉద్యమ్, ఎగుమతి కోడు నమోదుల్లో ఇచ్చిన చిరునామా ఎవరి చేతిలో ఉందో కూడా ఇంటికెళ్లి చూసుకోండి, ఆడిటరు దగ్గర పనిచేసి మానేసిన కుర్రాడిది కావచ్చు.

సొంత పేరుకు కాపలా కూడా ఉండాలి. ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్, డీమార్క్ అని మూడు ఏర్పాట్లున్నాయి. మన పేరుతో మెయిలు పంపే హక్కు ఏ సర్వర్లకు, అంటే మెయిళ్లు పంపి అందుకునే కంప్యూటర్లకు, ఉందో, వచ్చిన ఉత్తరం దారిలో మారలేదని ఎలా తెలుసుకోవాలో, తేడా వస్తే ఏం చేయాలో అవి అవతలివారి సర్వరుకు చెబుతాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో పట్టు బిగించాయి. పెద్ద సంఖ్యలో పంపేవారికి మూడూ ఉండి తీరాలి. మెయిలు అమర్చేవారిని ఈ మూడు పేర్లూ చెప్పి అడగండి, చేశామంటే చూపించమనండి. అయినా దొంగలు పక్కదారిన వస్తారు. చిన్నబడి అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే అచ్చం ఎమ్‌లా కనిపిస్తుంది. టైపు కూర్చిన నేనే భూతద్దం లేకుండా పోల్చుకోలేను. అలాంటి పేరు కొని, మీ పేరుతో మీ ఖాతాదారుకు ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని రాస్తారు. ఖాతా మారిందని మెయిలు వస్తే పాత నంబరుకు ఫోను చేసి అడిగిన తరువాతే డబ్బు పంపమని ప్రతి ఖాతాదారుకూ ముందే చెప్పి ఉంచండి. మా దగ్గర కొందరు ఈ వాక్యాన్ని బిల్లు అడుగున అచ్చు వేయించుకుంటున్నారు.

కొత్త చిరునామా తీసుకోగానే పాతది మూసేయకండి. దానికి వచ్చినవి కొత్తదానికి మళ్లేలా చేసి కనీసం రెండేళ్లు నడపండి. బోర్డులు, సంచులు, బిల్లు పుస్తకాలు ఒకేసారి అచ్చు వేయించకండి. నా బేరం నేనే చెడగొట్టుకుంటున్నాను గాని, ముందు వంద కార్డులు చాలు. వాటి మీదున్నది చూసి బయటివాళ్లు నలుగురు మెయిలు పంపాలి, నాలుగూ చేరాలి, ఆ తరువాత మిగతాది చూద్దాం. మా ప్రెస్సు కొత్త కార్డులు తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను, వెళ్తూ ఒకటి తీసుకుని, రాత్రికి ఒక మెయిలు పంపండి. తిరిగి వచ్చిందంటే ఫోను చేసి చెప్పండి, వెనక వైపు నంబరుంది.