రేపటి విందుకు ఇవాళే నడక

శ్రోతలకు నమస్కారం.

పెళ్లి భోజనం చేసిన మూడు నాలుగు గంటలకు రక్తం తీసి, ల్యాబులో ఆ ట్యూబును యంత్రంలో పెట్టి గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగుతాయి. పైన తేరిన ద్రవం మామూలుగా లేత పసుపు రంగులో, అవతలి వేలు కనిపించేంత తేటగా ఉంటుంది. నేతి బూరెలు, గారెలు, బిర్యానీ దండిగా లాగించాక మాత్రం అది మసకబారుతుంది. కొందరికైతే ఏకంగా పాలలా తెల్లబడుతుంది. అలాంటి ట్యూబు చూస్తే చాలు, "ఏం తినొచ్చారండీ?" అని అడిగేస్తారు ల్యాబు వాళ్లు.

ఆ తెలుపంతా ట్రైగ్లిజరైడ్లే, అంటే రక్తంలో తిరుగుతున్న కొవ్వు. పరగడుపున డెసిలీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదంటారు. సరే, కానీ మనం పరగడుపున ఉండేదెంతసేపు? పొద్దుటి టిఫిను కొవ్వు పూర్తిగా సర్దుకోకముందే మధ్యాహ్నం భోజనం, ఆ మీద సాయంత్రం బజ్జీలు. అవసరానికి మించి తిన్నప్పుడు కణాల్లో ఫ్రీ రాడికల్స్, అంటే పక్కవాటిని దెబ్బతీసే చురుకైన అణువులు, పెరుగుతాయి, రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, చెడు కొలెస్ట్రాల్ ఆక్సీకరణం చెంది నాళాల గోడల్లో చేరుతుంది. డాక్టర్లు ఆక్సిడేటివ్ స్ట్రెస్ అనేది దీన్నే.

ఇక నాకు బాగా నచ్చిన ప్రయోగం. ఇంగ్లండులో లఫ్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు చేశారు, 2008లో ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లను ఒకసారి ఏకధాటిగా అరగంట వడివడిగా నడిపించారు. ఇంకోసారి మూడేసి నిమిషాల చొప్పున, రోజులో పదిసార్లు. మరోసారి అసలు నడకే లేదు. తమాషా ఏమిటంటే, ఆ రోజు విందు పెట్టలేదు. మర్నాడు పెట్టారు! కొవ్వున్న భోజనం పెట్టి, గంటల తరబడి రక్తం తీసి చూశారు. నడవని రోజుతో పోలిస్తే, నడిచిన మర్నాడు ట్రైగ్లిజరైడ్లు సుమారు 16 శాతం తక్కువ. అరగంట నడిచినా అంతే, మూడేసి నిమిషాలు నడిచినా అంతే.

నడిచింది నిన్న. ఫలితం ఇవాళ. రక్తంలోని కొవ్వును విడగొట్టి కండరాలకు అందించే ఎంజైమ్ ఒకటుంది, లైపోప్రోటీన్ లైపేజ్ అని. వ్యాయామం తర్వాత అది పుంజుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. రెండు మూడు రోజులు కదలకుండా కూర్చుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

వ్యాయామం చేసేటప్పుడు కూడా ఫ్రీ రాడికల్స్ పుడతాయి కదా అంటారు కొందరు. పుడతాయి. వాటిని చూసే శరీరం తన రక్షణ పెంచుకుంటుంది. వ్యాయామంతో పాటు, ఫ్రీ రాడికల్స్‌ను అణిచే విటమిన్ సి, ఇ బిళ్లలు ఎక్కువ మోతాదులో వేసుకున్న వాళ్లకు ఇన్సులిన్ పనితీరులో రావలసిన మెరుగు రాలేదని 2009లో జర్మనీ పరిశోధకులు చూపించారు. బిళ్లల కంటే చెప్పులు కొనుక్కోవడం నయమని నా అభిప్రాయం.

అందుకని, ఆదివారం పెళ్లుంటే శనివారం నడవండి. పెళ్లిపనుల హడావిడిలో అరగంట దొరక్కపోతే మూడేసి నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా. అలాగని మూడో బూరెకు ఇది అనుమతిపత్రం కాదు.

ఒక్కమాట. రక్తపరీక్షకు ముందురోజు మాత్రం కొత్తగా తెగ నడవకండి. అంకె తగ్గి కనిపిస్తుంది, మీ మామూలు పరిస్థితేమిటో డాక్టరుగారికి తెలియదు.