కువైట్ ఏజెంటూ, పరాయి యుద్ధమూ

నేను: నమస్కారమండి. ఈసారి రికార్డింగ్ రాజోలు దగ్గర కాలువ గట్టున, మా హిస్టరీ మాస్టారి అరుగు మీద. మధ్యలో మోటారు చప్పుడు వస్తే సర్దుకోండి. మాస్టారూ, సూటిగా అడిగేస్తాను. తన దేశం కాని చోటికెళ్లి, తనకు పగలేని వాళ్లతో మనిషి ఎందుకు పోరాడతాడండి?

మాస్టారు: ముందు ఇది చెప్పు. మీ బాబాయి కువైట్ ఎలా వెళ్లాడు?

నేను: మా పిన్నిగారి అన్నయ్య అప్పటికే అక్కడున్నాడండి. ఆయనే ఏజెంటుతో మాట్లాడి వీసా తెప్పించాడు.

మాస్టారు: చూశావా, తెలిసినవాడు పిలిచాడు. యుద్ధానికి పోయేవాళ్లలోనూ చాలామంది అంతే. సిరియా, ఇరాక్‌లలో ఐసిస్ అనే ఉగ్రవాద సంస్థలో చేరడానికి 110 దేశాల నుంచి 40 వేల మందికి పైగా వెళ్లారని ఐక్యరాజ్యసమితి లెక్క. బెల్జియంలో మోలెన్‌బీక్ అనే పేట పేరు అప్పట్లో పేపర్లలో మోగిపోయింది. ఒక్కడు వెళ్తాడు, అక్కణ్నుంచి స్నేహితుడికి మెసేజ్ పెడతాడు, వాడు తమ్ముణ్ని లాక్కుపోతాడు.

నేను: అంటే సిద్ధాంతం ఉత్తి మాటేనంటారా?

మాస్టారు: అలాగనకు. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైతే, ప్రభుత్వం మీద తిరగబడ్డ సైనిక జనరల్ ఫ్రాంకోని ఎదిరించడానికి 50కి పైగా దేశాల నుంచి దాదాపు 35 వేల మంది అంతర్జాతీయ దళాల్లో చేరారు. జీతం కోసం కాదు. వాళ్లలో హిట్లర్, ముస్సోలినీల వల్ల ఇల్లూ ఊరూ వదిలిన జర్మన్లూ ఇటాలియన్లూ ఉన్నారు. సొంత గడ్డ మీద కొట్టలేని శత్రువు అక్కడ ఎదురుపడ్డాడు వాళ్లకి. నువ్వు పగ లేదన్నావు గానీ, వాళ్లది పాత పగేనయ్యా!

నేను: మనవాళ్లెవరైనా వెళ్లారాండి?

మాస్టారు: నాగపూర్ మనిషి గోపాల్ ముకుంద్ హుద్దార్ వెళ్లాడు. జర్నలిజం చదవడానికి లండన్ వెళ్లి, అక్కణ్నుంచి స్పెయిన్ చేరి, జాన్ స్మిత్ అని పేరు మార్చుకుని పోరాడాడు. 1938లో ఫ్రాంకో సైన్యానికి చిక్కి జైలు కూడా చూశాడు.

నేను: భలే మనిషండి.

మాస్టారు: డేవిడ్ మాలెట్ అని ఒక పరిశోధకుడున్నాడు. ఆయన గమనించిందేమిటంటే, జెండా ఏదైనా మనుషుల్ని పోగేసేవాళ్ల పాట ఒక్కటే. ‘మనవాళ్లకి ముప్పొచ్చింది, ఇప్పుడు కదలకపోతే మనం మిగలం’ అంటారు. దాడికి పోతున్నానని ఎవడూ అనుకోడు, కాపాడటానికే అనుకుంటాడు.

నేను: మరి రష్యా వెళ్లి ఉక్రెయిన్ యుద్ధంలో ఇరుక్కున్న మన కుర్రాళ్లో?

మాస్టారు: వాళ్లని యోధులనడానికి నాకు నోరు రాదు. ఏజెంట్లు హెల్పర్ పని, మంచి జీతం అన్నారు. యూట్యూబ్‌లో వీడియోలు చూపించారు. తీరా దిగాక రష్యన్ భాషలో కాంట్రాక్టు, చేతికి తుపాకీ. 2024 మార్చిలో ఆ ఏజెంట్ల మీద సీబీఐ కేసు పెట్టింది. జూలైలో మోదీ మాస్కో వెళ్లినప్పుడు ఈ కుర్రాళ్ల సంగతి పుతిన్‌తో మాట్లాడారు. అప్పటికే కొందరు చనిపోయారు. వాళ్లలో మన హైదరాబాద్ అతనూ ఉన్నాడు.

నేను: మా బాబాయి కాయితం కూడా అరబ్బీలోనే ఉండేదండి.

మాస్టారు: ఎవరితోనైనా చదివించుకున్నాడా?

నేను: లేదండి. ఏజెంటు వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టేశాడు.